స్పిట్‌ఫైర్‌ను గీసిన చేతులు: ఆర్.జె. మిచెల్ జీవితం

ఈ నెల మనం చెప్పుకోబోయే వ్యక్తి పేరు మీకు తెలియకపోయినా, ఆయన తయారుచేసిన విమానం పేరు మీ అబ్బాయికో అమ్మాయికో తెలిసే ఉంటుంది. ఒకసారి అడిగి చూడండి. ఐఎల్-2 స్టుర్మోవిక్, వార్ థండర్ లాంటి యుద్ధ విమానాల గేమ్స్ ఆడే పిల్లలెవరైనా స్పిట్‌ఫైర్ అనగానే తలెత్తి చూస్తారు. ఎనభై ఏళ్లు దాటిన ఆ పాత విమానాన్ని వాళ్లు కంప్యూటర్ స్క్రీన్ మీద ఇంకా ఎగరేస్తూనే ఉన్నారు.

కొన్ని గేమ్స్‌లో అసలు విమానం ఎలా ప్రవర్తిస్తుందో అలాగే ప్రవర్తించే సెట్టింగ్ ఉంటుంది. అందులో స్పిట్‌ఫైర్ నడపడం తేలిక కాదు. రన్‌వే మీదికి వెళ్తుంటే పొడవైన ముక్కు అడ్డొచ్చి ముందు ఏముందో కనిపించదు. పాములా వంకర్లు తిరుగుతూ వెళ్లాలి. బయల్దేరకుండా ఎక్కువసేపు నిలబెడితే ఇంజన్ వేడెక్కిపోతుంది. వేగం పెంచగానే విమానం ఒక పక్కకు లాగుతుంది. గాలిలో గట్టిగా మలుపు తిప్పితే స్క్రీన్ అంతా వణుకుతుంది. ముక్కును ఒక్కసారిగా కిందికి తోస్తే ఇంజన్ క్షణంపాటు ఊపిరి ఆగినట్టు ఆగి మళ్లీ అందుకుంటుంది.

పిల్లలు ఇవన్నీ గేమ్‌లో లోపాలనుకుంటారు. కానీ ఇవి నిజం విమానం గుణాలే. ఒక్కోదాని వెనక ఒక కారణం ఉంది, ఎవరో ఆలోచించి తీసుకున్న ఒక నిర్ణయం ఉంది. ఆ నిర్ణయాల్లో చాలావాటి వెనక ఉన్న మనిషి రెజినాల్డ్ జోసెఫ్ మిచెల్. తన విమానం యుద్ధానికి వెళ్లడం ఆయన చూడలేదు. 42 ఏళ్లకే కన్నుమూశారు.

మాస్టారి అబ్బాయి

మిచెల్ 1895 మే 20న ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో, బట్ లేన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి హెర్బర్ట్ హెడ్‌మాస్టర్‌గా పనిచేసి, తర్వాత ప్రింటింగ్ వ్యాపారంలోకి వెళ్లారు. ఇంట్లో ఐదుగురు పిల్లలు. వాళ్లు పెరిగిన స్టోక్-ఆన్-ట్రెంట్ ప్రాంతం పింగాణీ సామాన్లకు పేరు. బట్టీలూ పొగ గొట్టాలూ తప్ప అక్కడ విమానం అన్న మాటే లేదు.

మిచెల్‌కు ఎనిమిదేళ్ల వయసులో, 1903 డిసెంబర్‌లో, అమెరికాలో రైట్ సోదరులు మొదటిసారి విమానం ఎగరేశారు. ఆయన హైస్కూల్‌కు వచ్చేసరికి ఇంగ్లండ్ పత్రికల నిండా విమానాల వార్తలే. మిచెల్ తన చేతులతో చిన్న చిన్న మోడల్ విమానాలు చేసి ఎగరేసేవారు. అవి పడిపోతే ఎందుకు పడ్డాయో చూసి మళ్లీ చేసేవారు. ఇంట్లో పావురాలను కూడా పెంచేవారు. ఆ రోజుల్లో పిల్లవాడి చేతికి దొరికిన ఫ్లైట్ గేమ్ అదే. తేడా ఏమిటంటే, అందులో విమానం రెడీగా రాదు. ముందు దాన్ని తయారు చేసుకోవాలి.

పగలు వర్క్‌షాప్, రాత్రి క్లాసు

1911లో, పదహారో ఏట, మిచెల్ స్కూల్ చదువు ముగిసింది. ఆయన యూనివర్సిటీకి వెళ్లలేదు. ఫెంటన్‌లోని కెర్ స్టూవర్ట్ అనే రైలింజన్ల కంపెనీలో అప్రెంటిస్‌గా చేరారు. పొద్దున్నే లేచి వెళ్లి నూనె, మసి, ఇనుప రజను మధ్య పనిచేయాలి. మొదట్లో ఆ పని ఆయనకు అస్సలు నచ్చలేదు. అయినా తండ్రి మానేయనివ్వలేదు.

ఆ కుర్రవాడు వర్క్‌షాప్ నుంచి ఇంటికొచ్చి అక్కడితో ఆగిపోలేదు. సాయంత్రం టెక్నికల్ స్కూల్లో రాత్రి క్లాసులకు వెళ్లారు. ఇంజనీరింగ్ డ్రాయింగ్, మెకానిక్స్, హయ్యర్ మ్యాథమెటిక్స్ నేర్చుకున్నారు. లెక్కల్లో ఆయనకు మంచి పట్టు ఉండేది. పగలు చేత్తో పట్టుకున్న ఇనుప ముక్కే రాత్రి నోట్‌బుక్‌లో లెక్కగా కనిపించేది. అప్రెంటిస్ గడువు పూర్తయ్యాక అదే కంపెనీ డ్రాయింగ్ ఆఫీసులో కూర్చున్నారు.

పాఠాన్నీ పనినీ వేరువేరుగా చూడటం మనకు అలవాటు. ఫార్ములా పరీక్ష కోసం, స్క్రూడ్రైవర్ మెకానిక్ కోసం అనుకుంటాం. మిచెల్‌కు మాత్రం ఆ రెండూ పదహారో ఏటినుంచే ఒక్కటి. తర్వాత ఆయన గీసిన ప్రతి గీతలోనూ ఆ రెండు చదువులూ కనిపిస్తాయి.

నీటి మీద దిగే విమానాలు

మొదటి ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజుల్లో మిచెల్ దక్షిణ తీరంలోని సౌతాంప్టన్‌కు వెళ్లి, వూల్‌స్టన్‌లో ఉన్న సూపర్‌మెరీన్ కంపెనీలో చేరారు. సముద్రం మీద దిగి, సముద్రం మీదనుంచే లేచే ఫ్లయింగ్ బోట్లు ఆ కంపెనీ ప్రత్యేకత. 1918లో ఆయన ఫ్లోరెన్స్ డేసన్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె చిన్నపిల్లల స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్. వయసులో ఆయనకన్నా పెద్ద. 1920లో వాళ్లకు గోర్డన్ అనే కొడుకు పుట్టాడు.

1919లోనే మిచెల్ ఆ కంపెనీ చీఫ్ డిజైనర్ అయ్యారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు కూడా నిండలేదు. 1920 నుంచి 1936 వరకు ఇరవైకి పైగా రకాల విమానాలు డిజైన్ చేశారు. వాటిలో సౌతాంప్టన్ అనే ఫ్లయింగ్ బోట్ బాగా పేరు తెచ్చుకుంది. 1927లో బ్రిటిష్ వైమానిక దళానికి చెందిన నాలుగు సౌతాంప్టన్లు ఇంగ్లండ్ నుంచి బయల్దేరి, మన దేశ తీరం మీదుగా సింగపూర్ చేరి, తర్వాత ఆస్ట్రేలియా చుట్టి వచ్చాయి. అవి నెమ్మదైన, నమ్మకమైన విమానాలు. వాటిని చూసినవాళ్లెవరూ ఈయనే ప్రపంచంలోకెల్లా వేగమైన విమానం కూడా చేస్తారని ఊహించి ఉండరు.

నీళ్లలో కూలిన ఎస్.4

ఆ కాలంలో ష్నైడర్ ట్రోఫీ అని నీటి విమానాలకు ఒక అంతర్జాతీయ రేసు జరిగేది. ఏ దేశమైనా నిర్ణీత గడువులో మూడుసార్లు గెలిస్తే ట్రోఫీ శాశ్వతంగా ఆ దేశానికే. 1922లో ఇటలీలోని నేపుల్స్‌లో సూపర్‌మెరీన్ విమానం గెలిచింది. నడిపింది హెన్రీ బయార్డ్ అనే పైలట్.

1925 రేసు కోసం మిచెల్ ధైర్యం చేసి ఎస్.4 అనే విమానం గీశారు. అప్పటి విమానాలకు రెండు రెక్కలు ఒకదాని మీద ఒకటి ఉండి, మధ్యలో కర్రలూ తీగలూ పట్టి ఉంచేవి. ఎస్.4కు ఒక్కటే రెక్క. దాన్ని పట్టి ఉంచే తీగ ఒక్కటి కూడా లేదు. చూడటానికి రేపటి విమానంలా ఉంది. నీటి విమానాల్లో ప్రపంచ స్పీడ్ రికార్డు కూడా సాధించింది. కానీ అమెరికాలోని బాల్టిమోర్‌లో, రేసుకు ముందు జరిగిన ట్రయల్‌లో, అదుపు తప్పి నీళ్లలో కూలిపోయింది. లోపల ఉన్నది మళ్లీ బయార్డే. అదృష్టవశాత్తూ ఆయన బతికి బయటపడ్డారు.

తర్వాత మిచెల్ ఏం చేశారన్నది గమనించండి. కొత్త ఆలోచనను పూర్తిగా వదిలేయలేదు, అలాగని పంతానికీ పోలేదు. 1927లో వచ్చిన ఎస్.5లో ఒకే రెక్క ఉంచారు, కానీ దాన్ని బిగించి పట్టే తీగలను మళ్లీ తెచ్చారు. ఒక అడుగు వెనక్కి వేసి, రెండు అడుగులు ముందుకు వేశారు. ఆ విమానం వెనిస్‌లో గంటకు సుమారు 453 కిలోమీటర్ల సగటు వేగంతో రేసు గెలిచింది. 1929లో ఎస్.6 సుమారు 529 కిలోమీటర్ల వేగంతో మళ్లీ గెలిచింది.

మూడో గెలుపుకు అడ్డంకి ఇంజనీరింగ్ కాదు, డబ్బు. ఆర్థిక మాంద్యం వల్ల బ్రిటిష్ ప్రభుత్వం చేతులెత్తేసింది. అప్పుడు లేడీ హ్యూస్టన్ అనే సంపన్నురాలు లక్ష పౌండ్లు ఇచ్చారు. 1931 సెప్టెంబర్ 13న ఎస్.6బి గెలిచి ట్రోఫీని శాశ్వతంగా ఇంగ్లండ్‌లో ఉంచేసింది. ఆ ఏడాది మిగతా దేశాల విమానాలు సమయానికి సిద్ధం కాకపోవడంతో ఎస్.6బి ఒంటరిగానే ఎగిరింది. కానీ అదే నెల 29న అది సాధించిన వేగం విషయంలో ఎవరికీ అనుమానం లేదు. గంటకు సుమారు 656 కిలోమీటర్లు, అంటే 400 మైళ్లకు పైగా. అంతకుముందు ఏ మనిషీ ఆ వేగంతో ప్రయాణించలేదు. 1932 కొత్త సంవత్సరం సందర్భంగా మిచెల్‌కు సిబిఇ అనే ప్రభుత్వ గౌరవం లభించింది.

ఎవరికీ నచ్చని ఫైటర్

ఇంత పేరొచ్చాక యుద్ధ విమానం చేయడం ఆయనకు తేలికై ఉంటుందనుకుంటాం. అలా జరగలేదు. బ్రిటిష్ ఎయిర్ మినిస్ట్రీ కొత్త ఫైటర్ కావాలని కంపెనీలను అడిగింది. మిచెల్ టైప్ 224 అనే విమానం తయారు చేశారు. అది 1934 ఫిబ్రవరిలో ఎగిరింది. లావు రెక్కలు, లోపలికి ముడుచుకోని చక్రాలు, పైకప్పు లేని కాక్‌పిట్. ఇంజన్‌ను చల్లబరచడానికి నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరిని రెక్కల్లో మళ్లీ నీరుగా మార్చే పద్ధతి పెట్టారు. అది సరిగ్గా పనిచేయక ఇంజన్ వేడెక్కేది. వేగం గంటకు 370 కిలోమీటర్లు కూడా దాటలేదు. మూడేళ్ల కిందట 650 దాటించిన మనిషి చేసిన విమానం అది! చివరికి ఆర్డర్ మరో కంపెనీ తయారుచేసిన, రెండు రెక్కల గ్లాడియేటర్‌కు వెళ్లింది.

ఎందుకిలా జరిగింది? రేసు విమానాన్ని మిచెల్ తన ఆలోచన ప్రకారం గీశారు. టైప్ 224ను మాత్రం పై అధికారులు ఇచ్చిన షరతుల పట్టికకు సరిపోయేలా గీశారు. పట్టికలో ఉన్నవాటికి సమాధానాలు ఇవ్వడం వేరు, సమస్యను పరిష్కరించడం వేరు. ఈ తేడా పరీక్ష పేపర్లు దిద్దే మా టీచర్లకు బాగా తెలుసు.

ఆ విమానం పరీక్షలు పూర్తికాకముందే మిచెల్ దాని లోపాలు పట్టేసి, కొత్త డ్రాయింగ్ మొదలుపెట్టారు. దాన్ని ఒకసారి మార్చి, మళ్లీ మార్చారు. సూపర్‌మెరీన్‌ను అప్పటికే కొనుక్కున్న వికర్స్ సంస్థ పెద్దలు ఈసారి పాత షరతులు పక్కన పెట్టి ఆయనకు నచ్చినట్టు చేయమన్నారు. రోల్స్ రాయిస్ నుంచి కొత్త ఇంజన్ వచ్చింది. దాని పేరు మెర్లిన్. ప్రభుత్వం పదివేల పౌండ్లు ఇచ్చి ఒకే ఒక్క నమూనా విమానం చేయమంది.

ఆపరేషన్ తర్వాత ఫ్లయింగ్ క్లాసు

ఇదంతా జరుగుతున్న కాలంలోనే ఆయన ఒంట్లో ఇంకో యుద్ధం మొదలైంది. 1933 ఆగస్టులో పురీషనాళ క్యాన్సర్ అని తేలింది. అప్పట్లో దానికి ఉన్న వైద్యం పెద్ద ఆపరేషన్ ఒక్కటే. పేగును పొట్ట మీదుగా బయటికి మళ్లించి, జీవితాంతం సంచి కట్టుకొని ఉండాల్సిన ఆపరేషన్. అప్పటికి ఆయన వయసు 38. కొడుక్కి పన్నెండేళ్లు. జబ్బు మళ్లీ రావచ్చని డాక్టర్లు చెప్పారు.

కోలుకున్నాక మిచెల్ ఆఫీసుకు తిరిగొచ్చారు. తన జబ్బు సంగతి ఆఫీసులో ఎక్కువమందికి తెలియనివ్వలేదు. అంతేకాదు, ఆ ఒంటితోనే విమానం నడపడం నేర్చుకొని 1934లో పైలట్ లైసెన్స్ తీసుకున్నారు. పదిహేనేళ్లుగా విమానాలు గీస్తున్న మనిషికి ఆ లైసెన్స్‌తో ఉద్యోగంలో వచ్చేదేమీ లేదు. తన డ్రాయింగ్ బోర్డు మీది గీత, లోపల కూర్చున్న మనిషి చేతికి ఎలా తగులుతుందో మాత్రం ఆయనకు స్వయంగా తెలిసింది.

ముందే హెచ్చరించే రెక్క

కొత్త విమానం రెక్క కోడిగుడ్డును సాగదీసినట్టు ఉంటుంది. గేమ్‌లో ఎన్ని విమానాలున్నా పిల్లలు స్పిట్‌ఫైర్‌ను దూరంనుంచే గుర్తుపట్టేది ఆ రెక్కతోనే. అందం కోసం అలా పెట్టలేదు. వేగం కావాలంటే రెక్క పల్చగా ఉండాలి. కానీ అదే రెక్కలో ముడుచుకునే చక్రాలు, ఎనిమిది మెషిన్ గన్లు పట్టాలి. పల్చని రెక్కలో అన్నీ పట్టాలంటే దాన్ని వెడల్పు చేయాలి. చివర్ల దగ్గర మాత్రమే సన్నబడే కోడిగుడ్డు ఆకారం అందుకు సరిపోయింది. గాలి వెనక్కి లాగే బలం కూడా ఆ ఆకారంలో తక్కువ. మిచెల్ టీమ్‌లో ఉన్న బెవర్లీ షెన్‌స్టన్ అనే కెనడా ఇంజనీర్ ఆ రెక్క లెక్కలు వేశారు.

ఆ రెక్కలో పైకి కనిపించని ఇంకో విషయం ఉంది. విమానం బాడీకి అతికిన చోటి కన్నా చివర్లో రెక్క రెండున్నర డిగ్రీలు కిందికి మెలి తిరిగి ఉంటుంది. ఎందుకు? పైలట్ మరీ గట్టిగా మలుపు తిప్పితే రెక్క మీది గాలి విడిపోయి, విమానాన్ని మోసే బలం పోతుంది. దీన్నే స్టాల్ అంటారు. రెక్క మొత్తం ఒకేసారి స్టాల్ అయితే విమానం హెచ్చరిక లేకుండా తిరగబడుతుంది. ఈ మెలి వల్ల ముందు బాడీ దగ్గర గాలి విడిపోయి విమానం గడగడా వణుకుతుంది. చివర్ల దగ్గర రెక్క ఇంకా పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి పైలట్‌కు స్టిక్ వదులు చేసే సమయం దొరుకుతుంది.

గేమ్‌లో స్క్రీన్ వణికేది ఇందుకే. ఆ వణుకు ఒక హెచ్చరిక. కొత్తగా నేర్చుకున్న పైలట్లు కూడా ఈ విమానాన్ని దాని అంచుదాకా నడపగలిగారంటే ఆ హెచ్చరిక ఒక ముఖ్య కారణం. ఎస్.4 కూలినప్పుడు తన పైలట్ నీళ్లలో ఉండటం చూసిన డిజైనర్‌కు ఇలాంటి వణుకు విలువ ఎంతో వేరే చెప్పాలా?

ఎనిమిది నిమిషాలు

1936 మార్చి 5న సౌతాంప్టన్ దగ్గర ఈస్ట్‌లీ ఎయిర్‌ఫీల్డ్‌లో, కె5054 అనే నంబరున్న ఆ నమూనా విమానం మొదటిసారి గాలిలోకి లేచింది. నడిపింది చీఫ్ టెస్ట్ పైలట్ జోసెఫ్ సమ్మర్స్. సుమారు ఎనిమిది నిమిషాలు ఎగిరి దిగింది. కంపెనీ పెద్దలు పెట్టిన స్పిట్‌ఫైర్ అన్న పేరు మిచెల్‌కు పెద్దగా నచ్చలేదంటారు.

మొదటి పరీక్షల్లో వచ్చిన వేగంతో ఆయన తృప్తిపడలేదు. ప్రొపెల్లర్ మార్చి మళ్లీ చూశారు. అది గంటకు సుమారు 560 కిలోమీటర్లకు చేరింది. అదే ఏడాది జూన్ 3న ప్రభుత్వం 310 విమానాలకు ఆర్డర్ ఇచ్చింది.

జబ్బు మళ్లీ తిరగబెట్టింది. టెస్ట్ ఫ్లైట్లు జరుగుతుంటే మిచెల్ ఎయిర్‌ఫీల్డ్‌కు కారులో వచ్చి, అందులోనే కూర్చుని ఆకాశం వైపు చూస్తుండేవారు. 1937 మొదట్లో పని మానుకోవాల్సి వచ్చింది. ఏప్రిల్‌లో వైద్యం కోసం వియన్నా వెళ్లి, ఫలితం లేక తిరిగొచ్చారు. జూన్ 11న ఇంట్లోనే తుదిశ్వాస విడిచారు. ఆ రోజుకి ప్రపంచంలో ఉన్న స్పిట్‌ఫైర్ ఒకే ఒక్కటి, ఆ నమూనా మాత్రమే. మొదటి స్పిట్‌ఫైర్లు వైమానిక దళం చేతికి వచ్చేసరికి 1938 ఆగస్టు అయింది.

ఆయన లేని యుద్ధం

మిచెల్ తర్వాత ఆ బాధ్యత జోసెఫ్ స్మిత్ తీసుకున్నారు. ఇంజన్ మార్చారు, రెక్క మార్చారు, తోక మార్చారు. 24వ మోడల్ దాకా తెచ్చారు. 1948 వరకు మొత్తం 20,000కు పైగా స్పిట్‌ఫైర్లు తయారయ్యాయి. 1940 సెప్టెంబర్‌లో జర్మన్ బాంబర్లు వూల్‌స్టన్ ఫ్యాక్టరీని నాశనం చేశాయి. అక్కడ పనిచేసేవాళ్లు చాలామంది చనిపోయారు. మిచెల్ చివరి రోజుల్లో మొదలుపెట్టిన బాంబర్ విమానం నమూనాలు కూడా ఆ దాడిలోనే పోయాయి. అయినా పని ఆగలేదు. చుట్టుపక్కల ఊళ్లలో గ్యారేజీలు, లాండ్రీలు, బస్ డిపోలలో స్పిట్‌ఫైర్ భాగాలు తయారయ్యాయి.

సినిమాలూ గేమ్సూ చూస్తే 1940లో ఇంగ్లండ్‌ను స్పిట్‌ఫైర్ ఒక్కటే కాపాడిందని అనిపిస్తుంది. నిజానికి ఆ ఏడాది బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో ఎక్కువ సంఖ్యలో ఎగిరిందీ, ఎక్కువ శత్రు విమానాలను కూల్చిందీ హరికేన్ అనే ఇంకో విమానం. జర్మన్ ఫైటర్లను వేగంలో దీటుగా ఎదుర్కోవడం స్పిట్‌ఫైర్ వంతు. రెండూ కలిసి చేసిన పని అది.

మన వైపునుంచి కూడా ఇందులో ఒక ముడి ఉంది. బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో స్పిట్‌ఫైర్లు నడిపిన దళాల్లో ఒకదాని పేరు 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్. నైరుతి ఇంగ్లండ్‌లోని వార్మ్‌వెల్ నుంచి ఎగిరి అది పోర్ట్‌లాండ్ తీరాన్ని కాపలా కాసింది. దాని చిహ్నం మీద నిజాం ధరించే తలపాగా, దస్తార్, ఉండేది. యుద్ధం చివరి ఏళ్లలో భారత వైమానిక దళం పైలట్లు కూడా బర్మా పోరులో స్పిట్‌ఫైర్లు నడిపారు. స్వాతంత్ర్యం వచ్చాక 1947-48 కశ్మీర్ యుద్ధంలోనూ అవి ఎగిరాయి. ఢిల్లీలోని పాలెం ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఒక స్పిట్‌ఫైర్ ఉంది. సెలవుల్లో ఢిల్లీ వెళ్తే పిల్లలకు చూపించండి.

ఆ విమానాలు నడిపినవాళ్లలో చాలామంది ఇరవై ఏళ్లు అప్పుడే దాటినవాళ్లు. మన పదో తరగతి పిల్లలకన్నా నాలుగైదేళ్లే పెద్ద. వాళ్లలో ఎందరో తిరిగి రాలేదు. గేమ్‌లో కూలిపోతే బటన్ నొక్కి మళ్లీ మొదలుపెట్టొచ్చు. వాళ్లకు ఆ బటన్ లేదు. ఈ ఒక్క మాట పిల్లలకు చెప్పాల్సిన బాధ్యత గేమ్ తయారుచేసే కంపెనీది కాదు, మనదే.

ఆగిపోయే ఇంజన్, ఒక మహిళా ఇంజనీర్

ముక్కు కిందికి తోస్తే ఇంజన్ ఎందుకు ఆగుతుందన్న ప్రశ్న మిగిలిపోయింది. తొలి మెర్లిన్ ఇంజన్లలో పెట్రోల్ అందించే కార్బ్యురేటర్‌లో తేలే బెండు లాంటి ఫ్లోట్ ఉండేది. విమానం ఒక్కసారిగా కిందికి వంగితే లోపలి పెట్రోల్ పైకి ఎగిరిపోయి, ఇంజన్‌కు అందాల్సిన పాళ్లు తప్పిపోయేవి. జర్మన్ మెస్సర్‌ష్మిట్ 109లో పెట్రోల్‌ను నేరుగా ఇంజన్‌లోకి చిమ్మే పద్ధతి ఉండేది కాబట్టి దానికీ ఇబ్బంది లేదు. జర్మన్ పైలట్లు ముక్కు వంచి తప్పించుకుపోయేవారు.

దీనికి 1941లో ఒక ఉపాయం దొరికింది. ఫార్న్‌బరో పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న బీట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీర్, పెట్రోల్ వెళ్లే దారిలో సరైన కొలత రంధ్రం ఉన్న ఒక చిన్న లోహపు బిళ్ల పెట్టించారు. విమానాన్ని వెనక్కి తీసుకెళ్లి విప్పాల్సిన పని లేకుండా, ఎయిర్‌ఫీల్డ్‌లోనే బిగించవచ్చు. సమస్య పూర్తిగా పోలేదు గానీ చాలావరకు తగ్గింది. ఆమె మోటార్‌సైకిల్ రేసుల్లో కూడా పేరున్న వ్యక్తి. మిచెల్ గీసిన విమానంలో ఒక లోపాన్ని, ఆయన పోయిన నాలుగేళ్లకు, ఆయన్ని ఎన్నడూ కలవాల్సిన అవసరం లేని మరో ఇంజనీర్ సరిచేశారు. మంచి పని ఒక్కరితో పూర్తి కాదు. తర్వాత వచ్చేవాళ్లు అందుకునేలా మొదలైతే చాలు.

ఈ నెల ఇంట్లో ప్రయత్నించండి

పిల్లల గేమ్ టైమ్‌కు హద్దు పెట్టడం అవసరమే. నిద్ర, చదువు, ఆటస్థలం, వీటి తర్వాతే స్క్రీన్. కానీ ఆడే ఆ కాసేపట్లో పక్కన పది నిమిషాలు కూర్చొని ఈ ప్రశ్నలు అడగండి. సమాధానం మీకు తెలియకపోయినా ఫర్వాలేదు.

1. ఎందుకు వంకర్లు తిరుగుతూ రన్‌వే మీదికి వెళ్తున్నావు? నేల మీద ఈ విమానం తోక కిందికి, ముక్కు పైకి ఉంటుంది. దానివల్ల పైలట్‌కు ఏం కనిపించదో కాగితం మీద గీసి చూపించమనండి. ఇది తొమ్మిదో తరగతి జామెట్రీయే.

2. స్క్రీన్ వణికినప్పుడు ఏం చేస్తావు? స్టిక్ ఎందుకు వదులు చేయాలి? ఒక కాగితపు విమానం చేసి, రెక్క చివర్లు కొద్దిగా మెలిపెట్టి ఎగరేయించండి. తేడా వాళ్లే గమనిస్తారు.

3. నిలబెడితే ఇంజన్ ఎందుకు వేడెక్కుతుంది? గాలిలో ఎందుకు చల్లబడుతుంది? మీ కారు రేడియేటర్ చూపించి మాట్లాడండి.

4. ఈ విమానంలో నువ్వొక మార్పు చేయగలిగితే ఏం మారుస్తావు? ఆ జవాబును నోట్‌బుక్‌లో రాయించి మాకు పంపండి. వచ్చిన వాటిలో మంచివి సైన్స్ ల్యాబ్ బోర్డు మీద పెడతాం.

నాలుగో ప్రశ్న మాకు అన్నిటికన్నా ముఖ్యం. విమానం నడపగల పిల్లలు మనకు చాలామంది ఉన్నారు. ఇది ఇలాగే ఎందుకుంది, ఇంకోలా ఉంటే ఏమవుతుంది అని అడిగే పిల్లలు తక్కువ. మోడల్ పడిపోతే ఎందుకు పడిందో చూసి మళ్లీ చేసిన ఆ మాస్టారి అబ్బాయి, చివరిదాకా అదే ప్రశ్న అడుగుతూ ఉండిపోయారు. ఆయనకు దొరికింది 42 ఏళ్లే. మీ ఇంట్లో ఉన్న పిల్లవాడికి, పిల్లకు ఇంకా చాలా సమయం ఉంది. మొదటి ప్రశ్న ఈ ఆదివారమే అడగండి.